పడవ డెక్కు కారడం: బస్తర్ గుగ్గిలం నుంచి నేటి సీలెంట్ల దాకా

తెరచాప పడవలోకి నీరు రెండు దారుల్లో వస్తుంది: నీటిమట్టానికి దిగువనున్న పొట్టభాగం నుంచి ఒకటి, వానకూ విరిగిపడే అలలకూ ఎదురొడ్డే డెక్కు నుంచి రెండోది. మొదటి దారిన వచ్చే నీరు గంటల్లో పడవను ముంచగలదు కాబట్టి దానిమీద ప్రతి సరంగూ కన్నేసి ఉంచుతాడు. రెండోది బొట్టుబొట్టుగా పడక మీదనో బట్టల పెట్టె మీదనో పడుతుంది కాబట్టి, దాని కింద ఒక గిన్నె పెట్టి సరిపెట్టుకునే అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది. జరిగిన నష్టాన్ని లెక్కవేసి చూస్తే మాత్రం, పాత పడవలను పనికిరాకుండా చేసేది తరచుగా ఈ రెండో నీరే. చెక్కను తినే శిలీంధ్రాలకు ఉప్పునీరు అంతగా గిట్టదు. డెక్కు మీంచి దిగేది ఎక్కువగా వాననీరు, అంటే మంచినీరు, పైగా అది గాలి ఆడని మూలలకు చేరి ఎన్నాళ్లయినా ఆరకుండా ఉంటుంది. చెక్కలో తేమ దాని పొడిబరువులో 20 శాతం దాటి 30 శాతానికి చేరువైతే కుళ్లు మొదలవుతుంది, ఆ పైన దాన్ని ఆపడం కష్టం. వెనకటి ఓడల్లో ప్రతి ఉదయం డెక్కును సముద్రపు నీటితో కడగడం శుభ్రత కోసమే కాదు. పలకలు తడిగా ఉండి ఉబ్బి సందులు బిగుసుకోవడానికీ, వాటికి కొంత ఉప్పు పట్టడానికీ అది పనికివచ్చేది.

ఈ కారుడును పట్టుకోవడం గురించీ మాన్పడం గురించీ తెలిసినదంతా ఒక్కచోట పుట్టినది కాదు. అడవి జిగుళ్లతో పలకల సందులు మూసిన పాత వడ్రంగుల అనుభవం ఒకవైపు, ఫైబర్‌గ్లాస్ పడవలు వచ్చాక గత అరవై, డెబ్బై ఏళ్లలో పెరిగిన రసాయన, యంత్ర పరిజ్ఞానం మరొకవైపు ఉన్నాయి. రెండూ వేర్వేరు భాషల్లో మాట్లాడుతున్నట్టు పైకి కనిపిస్తాయి గాని, దగ్గరపెట్టి చదివితే రెండూ చెప్పేది ఒకటే: అతుకు కదలకుండా ఉండదు, కదిలే అతుకును కదలని పదార్థంతో శాశ్వతంగా మూయడం సాధ్యం కాదు. మరమ్మతుల్లో జరిగే పొరపాట్లలో అధికభాగం ఈ ఒక్క విషయాన్ని మరవడం వల్ల జరిగేవే.

అడవి నుంచి రేవుకు

సముద్రానికి దూరంగా, ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఉన్న బస్తర్‌లో తెరచాప పడవలు లేవు. అక్కడ కనిపించేది ఒకే మానును తొలిచి చేసిన దోనె. బీజాపూర్, దంతెవాడ జిల్లాల్లో ఇంద్రావతి ఒడ్డు గ్రామాలవారు డోంగా అని పిలిచే ఇలాంటి చిన్న పడవల మీదే నది దాటుతుంటారు. అయినా డెక్కు కారుడు చర్చకు బస్తర్ సరైన మొదలు, ఎందుకంటే చెక్క ఓడను నీరు చొరకుండా మూయడానికి కావలసిన ముఖ్య సరుకులు మూడూ, అంటే టేకు, గుగ్గిలం, లక్క, ఆ అడవుల్లో పుడతాయి. ఉత్తర, తూర్పు భాగాల్లో సాల వృక్షాలు విస్తారంగా ఉంటాయి, పడమటికీ దక్షిణానికీ వెళ్లే కొద్దీ టేకు ఎక్కువవుతుంది. ఈ రెండు రకాల అడవులూ కలిసే ప్రాంతంగా అటవీ శాస్త్రజ్ఞులు బస్తర్‌ను ప్రత్యేకంగా చూస్తారు. ఒడిశాలోని కాలాహండిలో పుట్టిన ఇంద్రావతి జగదల్‌పూర్ పక్కగా, చిత్రకోట జలపాతం మీదుగా పడమటికి పారి భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కొరాపుట్ కొండల్లో పుట్టిన శబరి కోంట మీదుగా దిగి కూనవరం దగ్గర అదే నదిని చేరుతుంది. భోపాలపట్నం, కోంట వైపు ఊళ్లలో తెలుగు మాట వినబడేది ఈ నదుల పొరుగు వల్లనే.

కలప కూడా ఈ నీటిదారినే కిందికి వచ్చేది. గోదావరి ఎగువ అడవుల దుంగలను తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరం దాకా తేల్చుకొచ్చే వ్యాపారం చాలాకాలం సాగింది. టేకు ఎండితే తేలుతుంది. పచ్చి సాల దుంగ నీళ్లలో మునిగిపోతుంది కాబట్టి దానికి వెదురు మోపులో తేలిక కలపో జతకట్టాలి. ఈ నదిని ఎగువ దాకా పడవలు నడిచే బాటగా మార్చాలని 19వ శతాబ్దంలో దుమ్ముగూడెం మొదలుకొని పైకి మొదలుపెట్టిన పనులను 1871లో విరమించుకున్నారు. దిగువన, గోదావరి ముఖద్వారంలో ఉన్న కోరంగి ఆ రోజుల్లో తూర్పు తీరంలో ఓడలు కట్టే, మరమ్మతు చేసే పెద్ద కేంద్రాల్లో ఒకటి. ట్రింకోమలీకీ కలకత్తాకూ నడుమ పెద్ద ఓడను మరమ్మతు గోదిలోకి తీసుకోగల చోటు అదొక్కటేనని పాత గెజెటీర్లు చెబుతాయి. బర్మాకు వెళ్లిన తెలుగువారికి అక్కడ కోరంగీలనే పేరు స్థిరపడటం ఈ రేవు ప్రాబల్యానికి గుర్తు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుఫానులు, గోదావరి మోసుకొచ్చి పోసిన మేట ఆ రేవును దెబ్బతీశాయి గాని, పక్కనే ఉన్న తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే పని వృత్తిగా కొనసాగింది.

సాల మానుకు గాటు పెడితే కారే జిగురే గుగ్గిలం. ధూపానికి వాడేది ఇదే, వైద్యంలో వాడే గుగ్గులు వేరే చెట్టుది. దీన్ని కరిగించి నూనెతో కలిపి పడవల సందులు మూయడం భారతదేశంలో చాలాకాలంగా తెలిసిన పద్ధతి. ఈ మిశ్రమం గుణం పాళ్లలో ఉంటుంది. గుగ్గిలం ఒంటరిగా గట్టిపడితే పెళుసుగా ఉండి, పలక కదలగానే పగులుతుంది. నూనె మోతాదు మించితే ఎండకు మెత్తబడి సందులోంచి కారిపోతుంది. పనివాడి నైపుణ్యమంతా ఆ ఊరి ఎండకూ ఆ పడవ పలక వెడల్పుకూ తగిన మెత్తదనం రాబట్టడంలో ఉండేది. జిగురుకు ముందు పత్తినో జనపనారనో పేనుకొని, మొద్దు ఉలితో సందులోకి దట్టించేవారు. నార నీటిని ఆపేది, దానిమీద పోసిన గుగ్గిలం నారను కాపాడేది. ఆ జిగురుకున్న మరో మంచి గుణం, వేడి చేస్తే తిరిగి కరగడం: పాడైన చోట కాచి, తీసి, మళ్లీ పోయవచ్చు. మరమ్మతు చేయడానికి వీలుగా ఉండటం ఆ పదార్థంలోనే ఉంది. నేటి సీలెంట్లను బేరీజు వేసేటప్పుడు ఈ గుణాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద లోపం.

లక్క కథ కొంచెం భిన్నమైనది. మోదుగ, రేగు, బస్తర్‌లో కుసుం అని పిలిచే చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కట్టే ఈ పదార్థం నుంచి షెల్లాక్ తయారవుతుంది. 1840లలో ఇంగ్లండులో జెఫ్రీ అనే వ్యక్తి రబ్బరునూ షెల్లాక్‌నూ తారు నుంచి తీసిన నాఫ్తాలో కలిపి ఓడల జిగురు ఒకటి తయారుచేశాడు; ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ఓడల డెక్కు సందుల్లో పోసినది ఇలాంటి మిశ్రమాలే. యూరప్ నౌకాదళాలు అంతకుముందు వాడిన కీలు దేవదారు జాతి చెట్లది. ప్రసంగవశాత్తు ఒక విషయం గుర్తుచేయాలి: బస్తర్ సాల అడవుల్లో కొంతభాగం తీసి కాగితపు గుజ్జు కోసం ఉష్ణమండల పైన్ చెట్లు నాటాలని 1970లలో ఒక పథకం వచ్చింది, ఆదివాసుల వ్యతిరేకత నడుమ 1980ల మొదట్లో అది ఆగిపోయింది. ఆగడం వల్ల గుగ్గిలం చెట్టు నిలిచింది.

సందు ఎంత కదులుతుంది

చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండి కుంచించుకుంటుంది. పొడవు దిశలో ఇది లెక్కలోకి రానంత స్వల్పం, అడ్డంగా మాత్రం గణనీయం. టేకు పూర్తిగా పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండిన స్థితికి వస్తే, మాను కేంద్రం నుంచి బెరడు వైపు దిశలో సుమారు 2.5 శాతం, వార్షిక వలయాల వెంట దిశలో సుమారు 5.8 శాతం తగ్గుతుంది. ఈ మార్పంతా తేమ 30 శాతం నుంచి సున్నాకు పడేటప్పుడు జరిగేదని తీసుకుంటే, 50 మిల్లీమీటర్ల వెడల్పున్న డెక్కు పలకలో తేమ 20 నుంచి 10 శాతానికి తగ్గినప్పుడు, వలయాలు నిలువుగా వచ్చేలా కోసిన పలక 0.4 మిల్లీమీటరు, వలయాలు అడ్డంగా వచ్చేలా కోసిన పలక దాదాపు ఒక మిల్లీమీటరు కుంచించుకుంటుంది. సందు వెడల్పు 5 మిల్లీమీటర్లయితే మొదటి సందర్భంలో అందులోని జిగురు 8 శాతం సాగాలి, రెండో సందర్భంలో 20 శాతం. మంచి డెక్కుకు పలకలను మొదటి పద్ధతిలోనే కోయాలని పాత వడ్రంగులు పట్టుబట్టడం వెనుక ఉన్న గణితం ఇదే. చౌకగా కోసిన పలకలు వేసి ఖరీదైన సీలెంట్ పోసినంత మాత్రాన ఆ తేడా పూడదు.

జగదల్‌పూర్ ప్రాంతంలో సాలీనా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. ఏప్రిల్, మే నెలల్లో చెక్క పగుళ్లు బారేంత ఎండ ఉంటుంది. ఇటువంటి వాతావరణంలో చెక్క పడవ తొలి వానకు ఎక్కువగా కారి, పలకలు ఉబ్బాక తనంతట తానే తగ్గడం మామూలే. దోనెకు అతుకు లేదు కాబట్టి పగులే దాని శత్రువు. వాడని రోజుల్లో దోనెలను నీళ్లలోనే ముంచి ఉంచే అలవాటు మన నదుల మీద అనేకచోట్ల ఉంది, దానివల్ల చెక్క ఎండి పగలదు, పైగా నీటి అడుగున గాలి అందదు కాబట్టి కుళ్లు కూడా రాదు. తూర్పు తీరపు మసూలా పడవ మరో మార్గం ఎంచుకుంది. పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరితాడుతో కుట్టి, కుట్టు కింద పీచు వత్తుగా పెట్టి కట్టే ఆ పడవ అలల దెబ్బకు వంగుతుంది, కొద్దిగా కారుతుంది, కారిన నీటిని తోడిపోస్తారు. డెక్కే లేని ఆ పడవకు కారుడు లోపం కాదు, ఒప్పుకొని చేసుకున్న ఏర్పాటు. డెక్కు వేసి కింద గది కట్టుకున్నప్పుడే కారుడు సమస్యగా మారుతుంది.

బొట్టు పడిన చోటు, నీరు దిగిన చోటు

డెక్కు కారుడులో అన్నిటికంటే కష్టమైన పని జాడ తీయడం. పెంకుటింట్లో పగిలిన పెంకు ఒకచోట ఉంటే, నీరు వాసం వెంట జారి గోడ పక్కన బొట్లుగా రాలినట్టే, పడవలోనూ నీరు దూలాల వెంట, విద్యుత్ తీగల వెంట, లోపలి పలకల వెనక నుంచి చాలా దూరం ప్రయాణిస్తుంది. ఫైబర్‌గ్లాస్ పడవల్లో ఇది మరింత జటిలం. వాటి డెక్కు చాలావరకు రెండు ఫైబర్‌గ్లాస్ పొరల నడుమ బాల్సా అనే తేలిక చెక్కనో, ప్లైవుడ్‌నో, నురగ పలకనో ఇరికించి చేసినది. పై పొరలో ఒక బోల్టు రంధ్రం దగ్గర దిగిన నీరు ఆ నడిమి పొరలో వ్యాపించి, మీటరు అవతల ఇంకో రంధ్రం దొరికిన చోట బయటపడుతుంది. పడిన బొట్టుకు నేరుగా పైన డెక్కు మీద సీలెంట్ పూయడం వల్ల ప్రయోజనం లేకపోవడానికి కారణమిదే.

పరిశోధన నీళ్లు పోయడంతో మొదలుకాకూడదు. ముందు లోపలి కప్పు తొడుగు, అలమారల వెనక పలకలు విప్పి, నీరు నడిచిన గుర్తులు చూడాలి: నల్లబడిన చెక్క, బోల్టు చుట్టూ తుప్పు చార, ఎండిన ఉప్పు తెలుపు, ఉబ్బిన ప్లైవుడ్ అంచు. పడిన నీరు ఉప్పగా ఉందా చప్పగా ఉందా అన్నది చిన్న ప్రశ్నలా కనిపించినా దారి సగం చూపిస్తుంది. ఉప్పగా ఉంటే అలల తుంపరా పొట్టభాగపు అతుకూ అనుమానించాలి, చప్పగా ఉంటే వాన గాని, లోపలి మంచినీటి తొట్టె గాని, లేదా ఊపిరి తేమ చల్లని లోహం మీద పేరుకోవడం గాని కారణం కావచ్చు. చివరిదాన్ని విడదీయడానికి అనుమానమున్న చోట ఒక పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులూ టేపుతో అంటించి రాత్రంతా ఉంచుతారు: తడి గది వైపు కనిపిస్తే అది పేరుకున్న తేమ, కాగితం వెనక కనిపిస్తే బయటి నుంచి వచ్చిన నీరు.

ఆ తర్వాతే గొట్టం పరీక్ష. దీనికి ఇద్దరు కావాలి, పైన ఒకరు, కింద లైటుతో ఒకరు. నీటిని ఒత్తిడితో చిమ్మకూడదు, వానలా మెల్లగా పారనివ్వాలి. డెక్కు మీద అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట మొదలుపెట్టి, ఒక్కో అమరిక దగ్గర పది, పదిహేను నిమిషాలు ఆగి, పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే జారిన నీరు కింది రంధ్రాలన్నిటినీ తడిపేసి సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. అనుమానం లేని కిటికీలనూ తలుపులనూ ముందే టేపుతో మూసిపెట్టుకోవడం మంచిది. నీటిలో రంగు కలిపే పద్ధతిని కొందరు సూచిస్తారు గాని, అది టేకు డెక్కు మీద మరకలు వదులుతుంది కాబట్టి ఆ డెక్కులకు తగదు.

గాలి పరీక్ష దీనికి తిరుగు పద్ధతి. గాలి గుమ్మాలన్నీ మూసి, ఒక తలుపు సందులో బ్లోయరు బిగించి లోపల స్వల్పంగా ఒత్తిడి పెంచి, డెక్కు మీది అతుకులన్నిటి మీదా సబ్బునీళ్లు పూస్తే, రంధ్రం ఉన్నచోట బుడగలు లేస్తాయి. నీరు లోపల ఎక్కడ తేలిందన్న దానితో నిమిత్తం లేకుండా బయట ఎక్కడ దిగుతుందో నేరుగా చూపడం దీని బలం. ఒకే రోజులో డెక్కంతా చూడగలగడం మరో బలం. ఇంత సులువైన పద్ధతి మన రేవుల్లో అరుదుగా వాడబడటం విచారించదగిన విషయం. అయితే ఈ రెండు పరీక్షలకూ అందని కారుడు ఒకటుంది: రేవులో నిశ్చలంగా ఉన్నప్పుడు మూసుకొని ఉండి, తెరచాప నిండా గాలి పట్టి పడవ ఒకవైపు ఒరిగినప్పుడు మాత్రమే తెరుచుకునే అతుకు. తెరచాప కొయ్యను పట్టి ఉంచే ఉక్కుతాళ్లు అప్పుడు పడవ అంచులను బలంగా పైకి లాగుతాయి, డెక్కు వంగుతుంది. అటువంటి అనుమానమున్న చోట్ల పొడి సుద్దపొడి చల్లి, ప్రయాణంలో ఏ వైపు ఒరిగినప్పుడు అది తడుస్తుందో గమనించడమే మార్గం.

నడిమి పొర ఎంత చెడిందో తెలుసుకోవడానికి ప్లాస్టిక్ సుత్తితో డెక్కును అడుగడుగునా తట్టుతూ వింటారు. గట్టి చోట స్పష్టమైన మోత, పొరలు విడిపోయిన చోట బోలు మోత వినిపిస్తుంది. విద్యుత్ తేమమాపకాలు ఉపయోగకరమే గాని, కింద ఉన్న లోహమూ పైన ఉన్న ఉప్పు కూడా వాటి అంకెను పెంచుతాయి కాబట్టి, వాటి మాట ఆధారంగా డెక్కు కోయడం తొందరపాటు. చివరి తీర్పు కింది వైపు నుంచి వేసిన సన్నని డ్రిల్లు రంధ్రానిది: పొట్టు పొడిగా, లేతరంగులో వస్తే చెక్క బాగున్నట్టు, ముదురు గోధుమరంగు గుజ్జుగా వస్తే చెడినట్టు.

విప్పకుండా మరమ్మతు లేదు

కారే అమరిక చుట్టూ పైపైన సీలెంట్ గీత పూయడం అన్నిచోట్లా కనిపించే పని, దాదాపు అన్నిచోట్లా విఫలమయ్యే పని. లోపలి నుంచి పూయడం అంతకంటే హానికరం: బయటపడే దారి మూసుకుపోయిన నీరు నడిమి పొరలో నిలిచి దాన్ని కుళ్లబెడుతుంది, బొట్టు ఆగింది కదా అని యజమాని నిశ్చింతగా ఉంటాడు.

సరైన పని ఎలా ఉంటుందో ఒక్క అమరికను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. డెక్కు అంచున మనిషి పట్టుకోవడానికి నిలబెట్టిన కడ్డీ పీట చాలా పడవల్లో మొదట కారే చోటు, ఎందుకంటే ఎక్కేవారూ దిగేవారూ దాన్ని పట్టుకొని లాగడంవల్ల పొడవైన కడ్డీ మీటలా పనిచేసి పీట అంచును ఎత్తుతుంది. ముందు కింది నట్లు విప్పి పీటను తీసి, రెండు ముఖాల మీదా పాత జిగురును గీకి పూర్తిగా తొలగిస్తారు. రంధ్రాల్లోని నడిమి చెక్కను వంచిన మేకును డ్రిల్లుకు బిగించి తిప్పుతూ, పై పొరలు చెడకుండా అన్ని వైపులా ఒకటి, రెండు సెంటీమీటర్ల మేర తొలుస్తారు. తడి ఉంటే ఆరడానికి రోజులు పట్టవచ్చు. ఈ దశలో తొందరపడితే మిగతా పనంతా వృథా. తర్వాత కింది రంధ్రాన్ని టేపుతో మూసి, పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీని నింపి, గట్టిపడ్డాక దాని నడుమ బోల్టుకు సరిపడా కొత్త రంధ్రం వేస్తారు. ఇప్పుడు రేపు సీలెంట్ విఫలమైనా నీరు ఎపాక్సీని దాటి చెక్కను తాకలేదు. ఈ ఒక్క ఏర్పాటుతో కారుడు పడవను తినే రోగం స్థాయి నుంచి చిరాకు స్థాయికి తగ్గుతుంది. ఏ సీలెంట్ వాడాలన్న వాదన కంటే ఇది ఎన్నో రెట్లు ముఖ్యం.

రంధ్రం పై అంచును గరాటులా కొద్దిగా చెక్కితే, అక్కడ నిలిచే సీలెంట్ బోల్టు మెడ చుట్టూ ఉంగరంలా బిగుసుకుంటుంది. పీటను అమర్చి బిగించేటప్పుడు బోల్టును పై నుంచి తిప్పకూడదు, తిప్పితే ఆ ఉంగరం తెగుతుంది. పైన ఒకరు బోల్టును కదలకుండా పట్టుకుంటే, కింద మరొకరు నట్టు తిప్పాలి. బరువును పంచడానికి కింద వెడల్పైన లోహపు పలక వేయడం తప్పనిసరి, కదలిక తగ్గితేనే సీలెంట్ నిలుస్తుంది. గట్టిపడే రకం సీలెంట్ అయితే మొదటిసారే పూర్తిగా బిగించడం వల్ల అదంతా పక్కలకు పిండబడి, నడుమ ఏమీ మిగలదు.

సీలెంట్ల ఎంపిక గురించి రాసిన వాటిలో గందరగోళం చాలా ఉంది. పాలీసల్ఫైడ్ టేకుతోనూ కంచుతోనూ బాగా కలిసిపోతుంది, ఎండకు ఓర్చుకుంటుంది, తీయాలనుకుంటే వస్తుంది. కిటికీలకు వాడే ఆక్రిలిక్, పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్కులను మాత్రం అది పాడుచేస్తుంది. సిలికోన్ గాజుకూ ఆ ప్లాస్టిక్కులకూ తగినదే గాని, అది వదిలే కంటికి కనబడని పొర మీద తర్వాత ఏదీ, రంగు గాని మరో జిగురు గాని, అంటుకోదు. పాలీయురేథేన్ పట్టు అతి గట్టిది. పొట్టకూ డెక్కుకూ మధ్యనున్న అతుకు వంటి, ఎన్నడూ విప్పనక్కరలేని చోట్లకు అది సరైనదే, విప్పాల్సిన అమరికకు దాన్ని వాడితే తీసేటప్పుడు ఫైబర్‌గ్లాస్ పై పూత ఊడిపోతుంది. బ్యూటైల్ అన్నది ఎన్నటికీ గట్టిపడని రబ్బరు పట్టీ: బోల్టులతో బిగించే లోహపు అమరికలకు ఇది అన్నివిధాలా మేలు, సాగుతుంది, అంటుకునే ఉంటుంది, ఏళ్ల తర్వాత కూడా చేత్తో వలుచుకోవచ్చు, కాకపోతే పెట్రోలు వంటి ద్రావకాలు తగిలే చోట పనికిరాదు. గుగ్గిలం, నూనె మిశ్రమం చేసిన పనికి నేటి పదార్థాల్లో అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే.

టేకు పలకల సందుల విషయంలో ఒక సూక్ష్మం పదేపదే చెప్పదగినది. సందులో పోసిన సాగే జిగురు రెండు పక్కలకే అంటుకోవాలి, అడుగుకు అంటుకోకూడదు. మూడు వైపులా అంటుకుంటే సాగడానికి చోటు లేక ఏదో ఒక పక్క చిరుగుతుంది. అందుకే పాత జిగురును గీకి తీసి, టేకులోని సహజమైన నూనెను పక్కల నుంచి ద్రావకంతో తుడిచి, ప్రైమరు పూసి, సందు అడుగున జిగురు అంటని సన్నని టేపు పరిచాకే సీలెంట్ నింపాలి. ఫైబర్‌గ్లాస్ మీద టేకు పలకలను మరలతో బిగించిన డెక్కుల్లో ఒక్కో మరా ఒక్కో రంధ్రమని గుర్తుంచుకోవాలి. పలక అరిగి మర తల పైకి తేలాక, ఆ వందల రంధ్రాలను ఒక్కొక్కటిగా మూయడం కంటే టేకును తీసివేయడమే తరచుగా తెలివైన నిర్ణయం.

కంటికి కనిపించని ప్రమాదం

తెరచాప కొయ్య ఉక్కుతాళ్లను పడవ పొట్టకు కలిపే లోహపు పట్టీలు డెక్కును చీల్చుకొని కిందికి దిగుతాయి. అక్కడి కారుడును మిగతా వాటితో సమానంగా చూడకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని ఉపరితలం మీద ఏర్పడే అతి పలుచని ఆక్సైడ్ పొర, ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ అందుతూ ఉండాలి. డెక్కు మందంలో, తడి సీలెంట్ నడుమ, గాలి అందని ఉప్పునీటిలో నానుతున్న ఉక్కుకు ఆ రక్షణ పోతుంది. పైనా కిందా మెరుస్తూ ఉన్న పట్టీ, దాగిన ఆ రెండు మూడు సెంటీమీటర్లలో గుంటలు పడి, పగుళ్లు బారుతుంది. అది తెగితే కూలేది తెరచాప కొయ్య. ఈ చోట బొట్టు కనిపిస్తే సీలెంట్ మార్చి ఊరుకోకుండా, పట్టీని పూర్తిగా బయటికి తీసి, భూతద్దంతో చూసి, అనుమానమున్నా మార్చివేయడం తప్పదు. మనుషుల ప్రాణాలతో ముడిపడిన మరమ్మతు డెక్కు మీద ఇదొక్కటే కాకపోవచ్చు గాని, ఇంత తేలిగ్గా కన్నుగప్పేది మరొకటి లేదు.

ఇటీవలి రెండు నౌకలు

భారత నౌకాదళపు తెరచాప పడవ తారిణి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 254 రోజుల్లో భూమిని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చింది. ఆ పడవను నడిపిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. గోవాలో కట్టిన ఈ 55 అడుగుల పడవది చెక్కనూ ఫైబర్‌గ్లాస్‌నూ కలిపి చేసిన దేహం. దక్షిణ మహాసముద్రపు చలిలో వారాల తరబడి అలలు డెక్కు మీంచి పారే అటువంటి ప్రయాణంలో పొడి పడక అన్నది సుఖానికి సంబంధించినది కాదు, నిద్రకూ ఆరోగ్యానికీ, తద్వారా పడవ భద్రతకూ సంబంధించినది.

రెండోది పూర్తిగా ఎదురు కొస నుంచి వచ్చినది. అజంతా గుహలోని అయిదో శతాబ్దపు ఓడ బొమ్మ ఆధారంగా కట్టి, 2025 మేలో కార్వార్‌లో నౌకాదళంలోకి తీసుకున్న కౌండిన్యలో పలకలను కొబ్బరితాడుతో కుట్టారు, కొబ్బరి పీచూ చెట్ల జిగురూ వాడి సందులు మూశారు. పాత పరిజ్ఞానాన్ని పుస్తకంలో కాకుండా సముద్రం మీద పరీక్షించే ఇటువంటి ప్రయత్నం సందు కదలిక గురించిన ప్రశ్నలకు ఎంతో విలువైన సమాధానాలు ఇవ్వగలదు. అయితే అంతమాత్రాన గుగ్గిలాన్ని తిరిగి విరివిగా వాడవచ్చునని అనుకోకూడదు. జిగురు కోసం సాల మాను చుట్టూ బెరడు వలిచే పద్ధతి చెట్టును చంపుతుంది. బస్తర్ ఆదివాసులకు ఆ చెట్టు గింజ, ఆకు, పుల్ల అన్నీ జీవనాధారాలు. ఫైబర్‌గ్లాస్ మీద గుగ్గిలం వల్ల ప్రత్యేక లాభమూ లేదు. దాని చోటు ఇకపై చెక్క పడవల పునరుద్ధరణ వంటి కొద్దిపాటి పనులకే పరిమితం.

మిగిలిన ప్రశ్న పని ఏ ఋతువులో చేయాలన్నది, పాత చేతిపనీ కొత్త రసాయనమూ నిజంగా విభేదించేది ఇక్కడే. నార దట్టించే వడ్రంగికి పలక బాగా ఎండి, సందు తెరుచుకున్న వేసవి అనుకూలంగా కనిపిస్తుంది, కాని అప్పుడు బలంకొద్దీ దట్టిస్తే వానల్లో ఉబ్బిన పలకలకు చోటు చాలక మేకులు సడలుతాయి, దూలాలు పక్కకు నెట్టబడతాయి. అనుభవమున్న చేయి ఎండు చెక్క మీద సుత్తి దెబ్బను తగ్గిస్తుంది. సాగే సీలెంట్‌కు వానాకాలం అసలు తగదు, తడి పక్కలకు అది అంటదు, ఒకవేళ అంటినా అతి ఇరుకుగా ఉన్న సందులో పోసిన జిగురు వేసవికల్లా ఓర్చుకోలేనంత సాగాల్సి వస్తుంది. నడివేసవిలో పోస్తే వానల్లో అది నలిగి డెక్కు మీదికి ఉబికివస్తుంది. చెక్క తేమ ఏడాది మొత్తంలో మధ్యస్థంగా ఉండే సమయం రెండు వైపుల కదలికకూ సమంగా చోటిస్తుంది కాబట్టి, గోదావరి జిల్లాల తీరంలో చలి తగ్గి ఎండ ముదరని ఫిబ్రవరి, మార్చి నెలలు ఇందుకు అనువైనవి. అప్పుడు చేసిన పనిని జూన్ తొలి వానలకు ఒకసారి, అక్టోబరు, నవంబరు తుఫానుల కాలానికి ముందు మరోసారి గొట్టం నీటితో తనిఖీ చేయడానికి కూడా వ్యవధి ఉంటుంది.